చేయి తిరగని మేస్త్రి

“ఇది టీ తాగడానికా, దొంగొస్తే నెత్తిన కొట్టడానికా?”

తల్లి చెక్క కప్పును బల్ల మీద దించిన చప్పుడుకు కూతురు ఉలిక్కిపడింది. రోకలి మొదలు నరికి దానికో పిడి తగిలించినట్టుంది కప్పు. అడుగున రెండు వేళ్ల మందం చెక్క.

తండ్రి గుమ్మంలోనే నిలబడి, చొక్కాకు అంటిన చెక్కపొట్టు దులుపుకుంటూ నవ్వాడు.

“ఇంకా చేయి తిరగలేదే. ఈసారి పల్చగా వస్తుందిలే.”

“ఏడాదిగా ఇదే పాట. మేస్త్రిగారికి చేయి తిరిగేలోగా నాకు కళ్లు తిరిగేలా ఉన్నాయి.”

ఆయన బతుకంతా లిఫ్టులు బాగుచేసిన మెకానిక్. రిటైరయ్యాక కారును ఎండలోకి తోసి, షెడ్డులో పాత లేత్ మిషన్ ఒకటి పెట్టించాడు. పొద్దున్నే టిఫినయ్యాక మోటారు మొదలవుతుంది. గిర్రున తిరుగుతున్న చెక్కకు ఉలి ఆనిస్తే తరుగు రిబ్బన్లలా చుట్టలు చుట్టుకుంటూ ఊడి పడుతుంది. మధ్యాహ్నానికి పాదాలు అందులో మునిగిపోతాయి. అలా ఇంట్లోకి వచ్చినవే పిడికిలి నిండా పిడి ఉండే గరిటెలు, ఎత్తితే భుజం లాగే గిన్నెలు, ఈ కప్పులూ. ఒక్కదానికైనా ఆవిడ వంక పెట్టకుండా వదల్లేదు. అయినా చోటు చాలడం లేదంటూ గాజు కప్పుల్ని అటకెక్కించి వీటినే వాడుతోంది.

ఆవిడకూ ఒకప్పుడు చేతినిండా పనుండేది. వీధి మలుపులో టైలరింగ్ షాపు. కళ్లు ఆనడం లేదని చెప్పి కిందటేడే మూసేసింది. ఇప్పుడు పేపర్లో చిన్న అక్షరాల ప్రకటనలు కూడా పైకి చదివి వినిపించి, ఇంట్లోవాళ్ల ప్రాణం తీస్తుంటుంది.

ఈత నేర్పే ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన కూతురికి మర్నాడు పన్ను సలిపింది. పై వాటాలో ఉండే పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. అక్కడ కిటికీ దగ్గర ఒక చెక్క గిన్నె కనిపించింది. ఉల్లిపొరంత పల్చగా ఉంది. ఎండ దాని అంచులోంచి తేనెరంగులో ఇవతలికి కనిపిస్తోంది.

“ఎక్కడ కొన్నారండీ?”

“కొనడమేమిటి? మీ నాన్నగారు చేసిచ్చిందేగా! ఎప్పటి సంగతో.”

పన్ను నొప్పి సంగతి మరిచిపోయి కూతురు తిన్నగా షెడ్డుకు దిగింది.

“నాన్నా, డాక్టరమ్మ ఇంట్లో ఆ గిన్నె నువ్వు చేసిందేనా?”

ఆయన మోటారు ఆపాడు. చెక్క తిరగడం పూర్తిగా ఆగాక ఇటు తిరిగాడు.

“చూశావా?”

“చూశాను. పరాయివాళ్లకేమో ఉల్లిపొరలు, అమ్మకేమో బండరాళ్లా? పైగా చేయి తిరగలేదని అబద్ధమా? కట్టుకున్న మనిషంటే అంత అలుసా నీకు?”

“మెల్లగా. అమ్మ వింటుంది.”

“విననీ.”

ఆయన ఇంటివైపు చూశాడు. లేత్‌కు బిగించి ఉన్న కప్పు అడుగును బొటనవేలితో రుద్దాడు.

“మీ అమ్మకు ఇలాంటివే సరిపడతాయి తల్లీ. చెప్పకు. నాకు చేతకాదనే అనుకోనీ.”

“ఎందుకు?”

“అనుకోనీ. అంతే.”

గోడ అరలో పల్చటి కప్పులు వరసగా బోర్లించి ఉన్నాయి. ఆయన మళ్లీ లేత్ మీదికి వంగగానే వాటిలోంచి ఒకటి తీసుకుని కూతురు వంటింట్లోకి నడిచింది. తండ్రి తలెత్తి చూడలేదు.

“చూడమ్మా, మీ ఆయన పనితనం!”

ఉరుము ఉరుముతుందనుకుంది. తల్లి చేతులు ఒళ్లోంచి తీయకుండానే ముందుకు వంగి, కూతురు బల్ల మీద పెట్టిన కప్పును ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ చూసింది. ఆవిడ మొహం వెలిగింది.

“ఎంత ముద్దొస్తోందో! ఊదితే ఎగిరిపోయేలా ఉంది.”

“నచ్చిందా? ఇక నుంచి నువ్వు ఇందులోనే తాగు.” కూతురు టీ గిన్నె అందుకుంది.

“వద్దు వద్దు. నాకు ఆ బండదాంట్లోనే పొయ్యి.”

“అమ్మా! నీకు అర్థం కావట్లేదు. నాన్నకు చేయి తిరగక కాదు. కావాలనే నీకు అలా చేస్తున్నాడు.”

“తెలుసు.”

కూతురు టీ గిన్నె దించేసింది. “తెలుసా?”

“ఎప్పటినుంచో. ఆయన కలప కొనడానికి వెళ్లినప్పుడల్లా ఆ అర దగ్గర నిలబడి చూసుకుని వస్తుంటాను. నా మొగుడి చేతిలో ఇంత పనుందని నాకు గర్వం ఉండదా?”

“మరి రోజూ ఆ తిట్లేమిటి?”

“తిట్టకపోతే నాకు తెలిసిపోయిందనుకోడూ? ఇంత తెలివిగా నా దగ్గర దాచానని మురిసిపోతున్నాడు వెర్రిమనిషి. ఆ ముచ్చట నువ్వు చెడగొట్టకు.”

షెడ్డులో మోటారు మళ్లీ మొదలైంది. కూతురు బండ కప్పులో టీ పోసి, రెండు చేతులతో ఎత్తి తల్లి ముందు పెట్టింది.

“దాచాడు సరే, అసలింత బరువెందుకమ్మా?”

తల్లి కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. గుమ్మంవైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

“బరువుంటే నా చేయి వణకదు.”