ఆటో వెనక హీరో

"ఈ బండి నేను ఎక్కను," అన్నాడు రిటైర్డ్ ఫోర్‌మన్ శేషగిరిరావు. మొన్న అరెస్టయిన హీరో ఆటో వెనక బొమ్మలో ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"కేసింకా తేలలే సార్," అన్నాడు డ్రైవర్ రాహిల్.

"టీవీలో మొన్నే తేలిపోయింది."

పటాన్‌చెరు స్టాండులో పొద్దుటి నుంచి బేరం పోవడం ఇది నాలుగోసారి. రాహిల్ విసుగ్గా సీటు కింది నల్లగుడ్డ తీసి హీరో మొహానికి చుట్టాడు.

శేషగిరిరావు తల పక్కకు వంచి చూశాడు. "ఇప్పుడు అచ్చం పోలీసులు పట్టుకొచ్చిన దొంగలా ఉన్నాడు."

"మొఖం కప్పితే ఎవలైనా గట్లనే కనవడ్తరు సార్."

"నిజమే బాబూ," అంది ఆయన భార్య అనసూయ. "పోయిన వారం వాకింగులో ఈయన మంకీ క్యాప్ పెట్టుకుని పక్కింటి మందారాలు కోస్తున్న వీడియో మా కాలనీ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికల్లా ఈయన పేరు పూలదొంగ."

"నువ్వూరుకో. ఆ కొమ్మ గోడ దాటి రోడ్డు మీదికొచ్చింది. పూజకి నాలుగు పూలు కోశాను. అసలేం జరిగిందని నన్నొక్కడైనా అడిగాడా?"

రాహిల్ హీరో వైపు చూశాడు. శేషగిరిరావూ అటే చూశాడు. కాసేపటికి తనే వెళ్లి ముడి విప్పి, గుడ్డ మడిచి రాహిల్ చేతిలో పెట్టి, ఎక్కి కూర్చున్నాడు.

ఆటో సంగారెడ్డి రోడ్డెక్కింది.

"ఇంతకీ గా కొమ్మ రోడ్డు మీదికే ఉండెనా సార్?" అన్నాడు రాహిల్.

శేషగిరిరావు బయటికి చూస్తూ అన్నాడు:

"కేసింకా తేలలేదు. పోనియ్యి."