తిన్నె మీద నేర్చిన మాటలు

"ముట్టర్" అని పిలిచింది నివేదిత.

మగ్గం గుంతలో కూర్చుని లుంగీ నేస్తున్న పుష్పవల్లి తలెత్తి చూసింది. గుడియాత్తం నేతగాళ్ళ వీధిలో ఆరేండ్ల బిడ్డకి అదేం పిలుపో ఆమెకి అర్థం కాలేదు.

"ఏందే ఆ మాట?"

"అమ్మ అని. అవ్వని ఓమా అనాలంట. తిన్నె మీద ఒక అక్క నేర్పించింది. ఆయక్క పేరు టాంటె. చాక్లెట్ గూడా ఇచ్చింది."

పుష్పవల్లి చేతిలో నాడె ఆగిపోయింది.

వారం నుంచి వీధిలో అందరి సెల్లుల్లో ఒకే గొంతు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందంట. చూసేదానికి మన మాదిరే ఉంటారంట. అరవం రాదు, తెలుగు రాదు. మిఠాయి పెట్టి మచ్చిక చేసుకుంటారంట. ఆ గొంతు ఎవరిదని అడిగినోడు లేడు. పక్కోడికి పంపనోడూ లేడు.

"అత్తా, మన బిడ్డ మీద కన్నేసినారు" అనింది పుష్పవల్లి.

రాట్నం ముందున్న అమ్మణి లేచి తలుపు గడియ పెట్టింది. "బిడ్డని గడప దాటనీకు. ఏ పుట్టలో ఏ పాముండాదో."

అమ్మణి దేనికీ జంకే మనిషి కాదు. ఒక్క వేలూరంటేనే పడదు. కంట్లో పొర వచ్చిందమ్మా, వేలూరు ఆస్పత్రికి పోదాం రా అని ఒక్కగానొక్క కొడుకు కన్నన్ ఎంత బతిమలాడినా కదల్లేదు. "ఆ ఊరు మాత్రం నాకొద్దు నాయనా" అంటుంది. ఎందుకో చెప్పదు.

ఆ రాత్రి పుష్పవల్లి బిడ్డ కాలిని తన కొంగుకి కట్టుకుని పడుకునింది. కుక్క మొరిగినప్పుడల్లా లేచి గడియ చూసుకునింది. కన్నన్ నేసిన సరుకు ఇచ్చేదానికి ఈరోడు పోయుండాడు. ఇంట్లో మగదిక్కు లేదు.

తెల్లారినాక వాకిట్లో ఆటో ఆగింది.

దిగినామె చామనఛాయ మనిషి. కత్తిరించిన జుట్టు, నలిగిన కుర్తా. ముఖం చూస్తే ఈ వీధి మనిషే అనిపిస్తుంది. అదే పుష్పవల్లిని మరీ భయపెట్టింది.

"టాంటె" అంటా నివేదిత అమ్మ చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది. ఆమె వంగి బిడ్డని ఎత్తుకునింది.

"అయ్యో, ఎత్తుకుపోతాండాది, రండి" అని పుష్పవల్లి పెట్టిన కేకకి వీధిలో మగ్గాలన్నీ నిలిచిపోయినాయి.

జనం చుట్టుముట్టినారు. బిడ్డని లాక్కున్నారు.

"ఎవరు నువ్వు? ఏ ఊరు?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"యారు నీ? ఎంద ఊరు?"

అరవమూ రాలేదు. గబగబా సెల్లు తీసి, దాంట్లో తన భాషలో ఏదో చెప్పి, అందరికీ వినపడేట్టు పైకెత్తింది.

"ఫోటో తీస్తాండాది" అన్నాడు ఎవరో. ఇంకెవరో ఆమె చేతి మీద కొట్టినారు. సెల్లు రాళ్ళ మీద పడి పగిలింది. అది చెప్పాల్సింది చెప్పనే లేదు.

అమ్మణి జనాన్ని తోసుకుని వచ్చింది. "నా మనవరాలి జోలికొస్తావా?" అని చెంప మీద ఒక్కటి ఇచ్చింది.

ఆమె వెనక్కి పోలేదు. కొట్టిన చేతిని రెండు చేతులతో పట్టుకుని తన చెంపకి అదుముకునింది. కండ్లలో నీళ్ళు కారతా ఉండాయి.

"మత్తు మందు పూస్తాండాది, చెయ్యి లాక్కో అత్తా" అని ఏడ్చింది పుష్పవల్లి.

అమ్మణి చెయ్యి లాక్కునింది. కొంగుతో గట్టిగా తుడుచుకునింది.

రాయి ఒకటి లేచింది. ఆటో డ్రైవర్ పళని అడ్డం పడినాడు. "చంపేస్తారమ్మా, ఎక్కు" అని ఆమెని లోపలికి తోసి బండి తిప్పినాడు. ఆటో మలుపు తిరిగేదాకా ఆమె తల బయట పెట్టి అమ్మణినే చూసింది.

మధ్యాహ్నం పళని తిరిగొచ్చినాడు. "కాట్పాడిలో మద్రాసు రైలెక్కించేసినా. కాయితం మీద ఏరోప్లేన్ బొమ్మ చూపించింది, వాళ్ళ దేశం పోతాదేమో."

పీడ పోయింది అనుకున్నారు అందరూ.

సాయంత్రం ఎదురింటి కార్తీక వచ్చింది. నర్సు చదువు ముగించి, జర్మనీలో పని కోసం వేలూరులో ఆ భాష నేర్చుకుంటున్న పిల్ల.

నివేదిత తిన్నె మీద కూర్చుని బొమ్మకి పాఠం చెప్తాండాది. "ముట్టర్. ఓమా. టాంటె."

"నీకు జర్మన్ ఎట్లొచ్చిందే? మాకు మొదట నేర్పింది ఈ మాటలే" అని నవ్వింది కార్తీక. "ముట్టర్ అంటే అమ్మ. ఓమా అంటే అవ్వ."

"టాంటె అంటే పొద్దున మీరు తరిమేసిన అక్క" అనింది నివేదిత ముఖం ముడుచుకుని.

"అది పేరు కాదమ్మా. నాన్నకి తోడబుట్టిన ఆమె. మీ అత్త."

పుష్పవల్లి విసుక్కునింది. "ఈయనకి తోడబుట్టినోళ్ళు యాడుండారు? ఒక్కడే కొడుకు."

లోపల రాట్నం చప్పుడు ఆగింది.

అమ్మణి గడప దాకా వచ్చింది. "పాపా, నన్ను ఏమనింది ఆమె?"

"నిన్న నువ్వు నూలు ఆరేస్తాంటే నిన్ను చూపించి ముట్టర్ అనింది అవ్వా. కాదు ఓమా అని నేను దిద్దినా. అప్పుడు నా గుండె మీద చెయ్యి పెట్టి ఓమా అనింది. తన గుండె మీద పెట్టుకుని ముట్టర్ అనింది."

అమ్మణి గడప మీద కూలబడింది. కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటా ఉండాది.

"ఏందత్తా?" పుష్పవల్లి దగ్గరికొచ్చింది. "ఏమైంది?"

"పెండ్లికి ముందు నేను కన్న ఆడబిడ్డని, పరదేశమోళ్ళకి పెంపకానికిచ్చే వేలూరు హోములో ఈ చేతులతోనే దించి వచ్చినా పుష్పా" అనింది అమ్మణి. "పొద్దున దాన్ని కొట్టిందీ ఈ చెయ్యే."