ఎదురింటికి మళ్ళిన ఎండ

ఎండను వెనక్కి కొట్టే అద్దాలు లేని మేడ ఇప్పుడు విజయవాడలో లేదు. ఆ అద్దాలకు పూత వేసే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ దావీదు. తన ఇంటికీ అవే పెట్టించుకున్నాడు. వారం తిరక్కుండానే ఎదురు రేకులింట్లో బట్టలు కుట్టే ఖాసింబీ సొమ్మసిల్లి పడిపోయింది.

దావీదు పలకరించడానికి వెళ్ళాడు. గోడ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. ఆ వేడి తన కిటికీల నుంచే వస్తోంది.

"ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువ కదన్నయ్యా," అంది ఖాసింబీ.

అవునని తలూపాడు. ఇంటికొచ్చి అద్దాలన్నీ విప్పదీశాడు.

"పిచ్చి పట్టిందా? ఇల్లు కుంపటైపోదూ?" అంది భార్య సులోచన.

"అవనీ. ఆ ఎండ మనింటిదే."

మర్నాడు ఫ్యాక్టరీలో ఎప్పటిలాగే నాలుగు వందల అద్దాలకు పూత వేయించాడు. అవి ఎవరింటి ఎదురుగా బిగిస్తారో అడగలేదు.