సుష్మ పెట్టిన పేర్లు

కంప్యూటరుకు పరాయి మగవాడి పేరు పెట్టిందని పెళ్లాం మీద అలిగినవాడు నంద్యాల మొత్తం మీద అభిలాష్ ఒక్కడే.

2002 నాటి సంగతి. సుష్మ ఒక విత్తనాల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేది. కొత్తగా రెండు మెయిల్ సర్వర్లు వచ్చాయి. ప్రతి మిషనుకూ ఒక పేరుండాలి. ఆ పేర్లు పెట్టే పని సుష్మది. నంద్యాల ఆఫీసు మిషనుకు తన తాత పేరు జయరాజు అని పెట్టింది. ఆళ్లగడ్డ బ్రాంచిలో దానికి నారాయణ అని పెట్టింది. ఆళ్లగడ్డ ఆమె పుట్టినూరు.

అభిలాష్‌కు అక్కడే మండింది. పెళ్లయి ఇంకా ఆరు నెలలు కాలేదు.

"ఎవురీ నారాయణ?"

"మా ఊరాయన. శానా మంచోడు."

"నా పేరు గుర్తుకు రాల్యా నీకు?"

"మీ పేరా? పెట్టను."

"ఒక మిషనుకు ఎన్ని అలియాస్‌లైనా ఉండొచ్చంటివి గదా. మారుపేరుగా అన్నా తగిలించు."

"అట్ల గూడా పెట్టను. ఇంగ అడగొద్దండి."

ఆ రోజు అతనికి అన్నం సయించలేదు. బట్టల అంగడిలో చీరలు పరుస్తున్నా మనసంతా నారాయణ మీదే. పైగా ఫోనులో ఆ పేరు వినబడితే చాలు, సుష్మ తింటున్న కంచం వదిలి పరిగెత్తేది. తనకు జ్వరమొచ్చినప్పుడు కూడా అంత కంగారు పడలేదు. కుళ్లుతో ఉడికిపోయాడు. భార్య మనసులో తన చోటేమిటో తేల్చుకోవాల్సిందే అనుకున్నాడు.

ఒక సోమవారం అంగడి తండ్రికి అప్పగించి ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఆ మంచోణ్ణి ఏమని నిలదీయాలో శిరివెళ్ల దాటేదాకా మాటలు కూర్చుకున్నాడు. దిగి నేరుగా బ్రాంచి ఆఫీసుకు పోయాడు. అక్కడ గుమాస్తా అంకమ్మ ఉంది.

"నారాయణ యాడుంటాడు?"

అంకమ్మ ఆగమన్నట్టు చెయ్యి చూపింది. ఆమె ఫోనులో అరుస్తోంది.

"సుష్మక్కా, నారాయణ మళ్లా సచ్చిపోయినాడు! ఒక్క మెయిలూ పోవడంల్యా. తొందరగా లేపు!"

ఫోను పెట్టేశాక అతని వైపు తిరిగింది.

"నేనడిగేది మిషను గాదు. మనిషిని" అన్నాడు అభిలాష్.

"ఆయన పోయి పదేండ్లాయె గదన్నా. మిషను ఆగినప్పుడల్లా, దినానికి రెండుసార్లు సచ్చిపోయినాడు అనాల్సొస్తాదని సుష్మక్క బతికుండేటోళ్ల పేరు ఏ మిషనుకూ పెట్టదు."