మంచి కుటుంబం

మాల్టే నేరం చేశాడని ఉదయమే తేలిపోయింది. తెరచాప పడవల క్లబ్బులో పనిచేసే సోల్వై అనే అమ్మాయిని బలాత్కరించాడు. ఇక తేలాల్సింది శిక్ష ఎంతన్నదే.

"కుర్రాడి పుట్టుక, పెంపకం కూడా చూడాలి కదా!" అంటూ లాయర్ థోర్కిల్ తన ఆఖరి అస్త్రాన్ని పిలిచాడు. మాల్టే నానమ్మ గుద్రూన్. ఎనభై రెండేళ్లు. చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి నిలబడింది.

"అమ్మగారూ, మీ కుటుంబం గురించి కోర్టుకు చెప్పండి."

"నాలుగు తరాలుగా ఓడలు కడుతున్నాం. రేవు దగ్గర మా ఇంటిపేరుతో ఓ వీధి కూడా ఉంది. ఊళ్లో వాళ్లు కుక్కల్ని దొడ్డికి అటే తీసుకెళ్తారు."

హాల్లో నవ్వులు. ముందు వరసలో కూర్చున్న ఆమె కొడుకు, మాల్టే తండ్రి, "అమ్మా!" అని పళ్లు కొరికాడు. సోల్వై మాత్రం నవ్వలేదు.

"మాల్టేని ఎలా పెంచారు?" లాయర్ గొంతు సవరించుకున్నాడు.

"లోటేమీ చెయ్యలేదు నాయనా. గుర్రమంటే గుర్రం, పడవంటే పడవ. వాడికి 'వద్దు' అని చెప్పిన మనిషి ఈ ఊళ్లో లేడు. మొదటిసారి చెప్పింది ఆ పిల్లే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాల్టే తల దించుకున్నాడు.

లాయర్ నుదుటి చెమట తుడుచుకుని జడ్జిగారి వైపు తిరిగాడు. "జైలుకు పంపితే ఇలాంటి కుర్రాడి బతుకు పాడైపోతుంది. కుటుంబాన్ని చూసి ఒక్క అవకాశం ఇస్తే..."

"ఉండండి," అంది జడ్జి. "అమ్మగారూ, మీరు చెప్పండి. కుటుంబాన్ని చూసి వదిలేస్తే మనిషి బాగుపడతాడా?"

"బాగుపడతాడు. వీడి తాతనూ కుర్రతనంలో అలాగే వదిలేశారు. ఇదే నేరం. మంచి కుటుంబమని కేసు కూడా పెట్టలేదు, పెళ్లి చేసి సరిపెట్టేశారు. తర్వాత ఊరికి పెద్దమనిషయ్యాడు. చచ్చిపోతే చర్చి పట్టనంతమంది వచ్చారు."

కొడుకు మొహం పాలిపోయింది. లాయర్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"చూశారా! అప్పటి ఆ అమ్మాయి కూడా ఆయన్ని ఎప్పుడో క్షమించేసి ఉంటుంది!"

"లేదు బాబూ," అంది గుద్రూన్, సోల్వైనే చూస్తూ. "ఆయనతో యాభై తొమ్మిదేళ్లు కాపురం చేశాను. ఒక్కరోజూ క్షమించలేదు."