ముసలాళ్ల కషాయం

ఆ అడవిలో కోతులకు ఎన్నడూ ఎరగని ఆయాసపు రోగం అంటుకుంది. వైద్యం చేసే ఎలుగమ్మ ఒక సంగతి గమనించింది. మోకాళ్ల నొప్పులకని తన కషాయం రోజూ తాగే ముసలి కోతులు త్వరగా తేరుకుంటున్నాయి. పడకేసిన తల్లికోతులకూ అదే పట్టి చూసింది. అవీ లేచి కూర్చున్నాయి.

కుండ ఎత్తుకుని చెట్టుచెట్టుకూ తిరిగింది. కుర్రకోతులు వింటేనా!

"మోకాళ్ల మందు మాకెందుకు పెద్దమ్మా? చూసినవాళ్లు నవ్వరూ? కొత్త రోగానికి కొత్త మందు చెయ్యి," అంది ఒక గండుకోతి, రొప్పుతూనే.

చెప్పీ చెప్పీ ఎలుగమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. కుండ దాని ముందు దించింది.

"నిజమేరా, ఇది ముసలాళ్ల మందే. తాగకపోతే నీకు ముసలితనమే రాదు."