ఆగిపోయిన అప్‌గ్రేడ్

"ఆగిపోయింది," అంది తూరిద్ తెర మీంచి కళ్లు తిప్పకుండా.

బోదో ఊరి ఆసుపత్రిలో కంప్యూటర్లనీ ఫోన్లనీ కలిపే నలభై నెట్‌వర్క్ స్విచ్‌లకు కొత్త సాఫ్ట్‌వేర్ దానంతటదే ఎక్కించే ప్రోగ్రామ్ ఆమె ఆర్నెల్లు కూర్చుని రాసింది. ఇవాళ దానికి పరీక్ష. ఒప్పుకుని సంతకం పెట్టాల్సిన సిగ్బియోర్న్ ఇరవై ఏళ్లుగా ఆ పని చేత్తోనే చేస్తున్నాడు.

"మొదటిదానికేనా?" అన్నాడాయన కాఫీ చప్పరిస్తూ.

"మొదటిదానికే. క్యాంటీన్ ఫోన్ ఒకటి తిరిగి పలకలేదు. వెంటనే ప్రోగ్రామ్ పాత సాఫ్ట్‌వేర్ పెట్టేసి, మిగతావి ముట్టుకోకుండా కూర్చుంది. ఫోన్ ఇప్పుడు బాగానే ఉంది. నవ్వండి, పర్లేదు."

ఆయన నవ్వలేదు.

"ఆగమని దానికెవరు చెప్పారు?"

"నేనే. ఒక్క తేడా కనిపించినా ఆగాలని రాసిపెట్టాను."

"తొమ్మిదేళ్ల కిందట ఆరో స్విచ్ దగ్గర నాకూ తేడా కనిపించిందమ్మాయ్. సర్దుకుంటుందిలే అనుకుని పంతొమ్మిదో దాకా వెళ్లాను. సగం ఆసుపత్రిలో కంప్యూటర్లు ఆగిపోయాయి. ఆ రోజంతా నర్సులు రక్తపరీక్షల కాగితాలు పట్టుకుని మెట్ల మీద పరుగులు పెట్టారు."

"అది కరెంటు పోవడం వల్ల అన్నారుగా?"

"అన్నది నేనే."

ఆయన ఒప్పుకోలు కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు. దాని కిందే తొమ్మిదేళ్ల కిందటి ఆ రోజు తారీఖు వేసి, అసలు జరిగింది రాయడం మొదలుపెట్టాడు.